పదకొండో మైలు మనిషి గైరుహాజరు కాలేదు

వరంగల్లు నుంచి పరకాలకు పోయే సడకు గురించి నన్ను ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ సడకు పదకొండో మైలు దగ్గర మా కిరాణా దుకాణం ఉండేది. గడపలో కూర్చుంటే ఎదురుగా నీళ్లు పోయే మోరీ, దాని పక్కన మైలురాయి కనపడేవి. అంత దగ్గర నుంచి ఆ సడకును చూసినవాళ్లలో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కణ్ణే. అయినా నిరుడు సడకును వెడల్పు చేసినప్పుడు పెట్టిన సభకు నన్ను పిలవలేదు. పిలవకపోయినా వెళ్లాను. మూడో వరుసలో కూర్చున్నాను. చాయ్ పంచే మనిషి రెండో వరుస కాగానే నాలుగో వరుసలోకి పోయాడు. ఇది చిన్న సంగతే. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఆ సభలో సడకు చరిత్ర అని ఒక చిన్న పుస్తకం పంచారు. అదీ నాదాకా రాలేదు. పక్కన కూర్చున్న పంతులు దగ్గర అడిగి తీసుకుని, ఇంట్లో రెండుసార్లు చదివి, మర్నాడే తిరిగి ఇచ్చేశాను. అందులో ఇంజనీర్ల పేర్లున్నాయి. వంతెనల పొడవులున్నాయి. అల్లర్ల రోజుల్లో పదకొండో మైలు దగ్గర సడకు దెబ్బతిన్నదనీ, తర్వాత మరమ్మతు జరిగిందనీ ఒక్క వాక్యం ఉంది. ఎవరు తవ్వారో లేదు, ఎవరు పూడ్చారో లేదు. రెండూ చేసింది ఒకే మనిషి. పుస్తకం రాసినవాళ్లు మా గడప దాకా వచ్చి ఉంటే నేనే చెప్పేవాణ్ణి. రాలేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

అతని పేరు రాయను. అతనికి రెండు పేర్లు. ఊరు పిలిచేది ఒకటి, ప్రార్థన మందిరంలో పెట్టింది ఒకటి. ఒక పేరుతో దరఖాస్తు పట్టుకుని సడకుల దఫ్తరుకు, అంటే ఆఫీసుకు, పోతే ఆ పేరు మనిషి మా దగ్గర లేడన్నారు. రెండో పేరు చెబితే అతను వేరే మనిషన్నారు. మేము మాత్రం మైలు తాత అనేవాళ్లం. పదకొండో మైలు నుంచి పద్నాలుగో మైలు దాకా సడకును చూసుకోవడం అతని నౌకరీ.

సడకు రాకముందు అక్కడ ఉన్నది బండ్ల బాట. కాశిబుగ్గ సాలెవాళ్లు నేసిన బట్టల మూటలు ఇటు నుంచి పోయేవి, పరకాల నుంచి పత్తి బండ్లు అటు నుంచి వచ్చేవి. వానాకాలం వస్తే రెండూ ఆగిపోయేవి. నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడిన బండిని అక్కడే వదిలి, ఎడ్లను మాత్రం ఇంటికి తోలుకుపోయేవారు. ఆ రేగడి మీద పెద్ద రాళ్లు పరిచి, రాళ్ల మీద కంకర, కంకర మీద ఎర్రటి మొరం మట్టి పోసి సడకు చేశారు. ఊళ్ల నుంచి వెట్టికి పట్టుకొచ్చిన మనుషులు మోసిన రాళ్లు అవి. పడుచుతనంలో మైలు తాత కూడా వెట్టికే వచ్చాడు. సడకు పూర్తయ్యాక మిగతావాళ్లు ఇళ్లకు పోయారు, అతను పోలేదు. నౌకరీకి ఉండిపోయాడు.

మా దుకాణం దగ్గర సడకు ఒక వంపు తిరుగుతుంది. బస్సు దిగినవాళ్లు దాన్ని చూసి, కొలత తప్పిందేమో అని నవ్వుకునేవారు. అది తాత చెవిన పడితే వాళ్లను కదలనిచ్చేవాడు కాదు.

“తప్పు గాదు. అటు దిక్కు భూమిల నీళ్లున్నయి. ఎండకాలం గూడ ఎండయి. నేను తవ్వి సూపిస్తేనే దొర ఇటు తిప్పిండు.”

పుస్తకంలో ఆ వంపు ఒక ఇంజనీరు ముందుచూపు అని ఉంది.

అతని నడక వింతగా ఉండేది. కుడికాలు సడకు మీద, ఎడమకాలు అంచు దిగువన మట్టిలో పెట్టి నడిచేవాడు. అలా నడిచి నడిచి, చదును నేల మీద కూడా ఒక పక్కకు ఒరిగే నడిచేవాడు. నడుమ నడవరాదా అని నేనొకసారి అడిగాను. “నడుమ సంగతి బండ్లు జూస్కుంటయి సేటూ, అంచు నేను జూడాలె” అన్నాడు. కొత్త మొరం బండి వస్తే చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. కళ్లు మూసుకుని నమిలేవాడు. పళ్లకు గరగరా తగిలితే బండి దింపించేవాడు. మెత్తగా కరిగితే ఉమ్మేసి, “ఇది సడకుకు గాదు, మీ ఇంటిది పొయ్యి అలుకుతది, తీస్కపో” అని బండివాణ్ణి వెనక్కి పంపేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని పదమూడో మైలు దగ్గరున్న మందిరానికి ప్రార్థనకు పోయేవాడు. దారిలో గుంత కనపడితే ఆగకుండా ఉండలేడు. ప్రార్థనకు చేరేసరికి చొక్కా అంచులు ఎర్రగా ఉండేవి. భుజం మీదుగా తోలుపట్టా, దానికి నౌకరీ గుర్తుగా ఇత్తడి బిళ్ల. ఆ బిళ్లను రోజూ చింతపండుతో తోమేవాడు. చింతపండు మా దుకాణంలోదే.

అతని పనుల్లో ముఖ్యమైనది రాళ్లు జరపడం. ఎడ్లు ముందు పోయిన బండి జాడలోనే నడుస్తాయి. బండివాడు నిద్రపోయినా అవి జాడ తప్పవు. ఇనుప పట్టీల చక్రాలు రోజూ ఒకే చోట తిరిగితే సడకు మీద గాడి పడుతుంది, గాడిలో నీళ్లు నిలుస్తాయి, సడకు పగులుతుంది. అందుకని తాత సున్నం కొట్టిన రాళ్లను సడకు మీద అక్కడక్కడ పెట్టేవాడు. ఎడ్లు రాయిని చూసి పక్కకు తప్పుకునేవి. మర్నాడు పొద్దున్నే రాళ్లన్నింటినీ రెండు జానల దూరం జరిపేవాడు. మూడు మైళ్ల పొడుగునా ఇదే పని. ఇలా ఏడాది పొడుగునా బండ్లు సడకు వెడల్పంతా తొక్కేవి.

ఆ రాళ్లలో ఒకదానికి నా సైకిలు తగిలింది. కొత్త సైకిలు. వెనక నూనె డబ్బా కట్టుకుని వస్తున్నాను. డబ్బాతో సహా సడకు మీద పడ్డాను. తాత దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడు. నన్ను దాటిపోయి రాయి దగ్గర కూర్చున్నాడు.

“జర జరిగింది” అన్నాడు, రాయిని చూసి.

“తాతా, మోకాలు పగిలింది.”

“మోకాలుదేముంది సేటూ, రేపటికి మానుతది. గింత సున్నం కొట్టిన్న, కనవడలేదా?”

మోరీ గోడ మీద కూర్చున్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నేను మూడు నెలలు అతనితో మాట్లాడలేదు. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. రోజూ వచ్చి చింతపండు అడిగేవాడు, నేను మాట్లాడకుండా ఇచ్చేవాణ్ణి, తీసుకుని పోయేవాడు.

తర్వాత ఆ చెడ్డరోజులు వచ్చాయి. నలభైల చివర మా దిక్కు ఉన్నవాళ్లకు వాటి సంగతి చెప్పనక్కర లేదు. మా ఊళ్లో సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో చేరిన పడుచువాళ్లకు మల్లయ్య పెద్ద. పక్క ఊరి మీద పోలీసు లారీలు పడి ఇళ్లు తగలబెట్టాయి. మర్నాడు పొద్దున మా ఊరికి వస్తాయని కబురు వచ్చింది. ఇంకా పొద్దు ఉండగానే మల్లయ్య పదిమందిని వెంటేసుకుని, గడ్డపారలతో మోరీ దగ్గరికి వచ్చాడు. నేను దుకాణంలోనే ఉన్నాను. తాత పన్నెండో మైలు వైపు నుంచి ఉరికి వచ్చాడు.

“ఏయ్, మోరీ మీద గడ్డపార ఎయ్యకుండ్రి!”

“పక్కకు జరుగు తాతా” అన్నాడు మల్లయ్య. “వాళ్లు వచ్చేది నీ సడకు మీదికెల్లే.”

“నాకెర్క లేదా? పక్కూరి పొగ నేను జూడలేదా?”

“మరింకేంది?”

“మోరీ పోతే వానకాలం వరద మీ పొలాలల్ల పడ్తది. మల్ల కట్టెటోడెవడు? ఇటు రాండ్రి.”

ఇరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకు పోయి కాలితో గీత గీశాడు. “గిక్కడ తవ్వుండ్రి. గిక్కడైతే మల్ల పూడ్సుకోవచ్చు.”

“పూడ్సుకునుడేంది? రాజ్యమే మారుతాంటే!”

“రాజ్యం మారితే మీరు గాలిల ఎగురుకుంట పోతరా పరకాలకు? సడకు మీద్నే గద పోవుడు.”

మల్లయ్యకు నవ్వొచ్చింది. తాత నవ్వలేదు. పక్కనున్నవాడి చేతిలోంచి గడ్డపార తీసుకుని మొదటి పోటు తానే వేశాడు. ఆ పోటు వేసేముందు గీత దగ్గర కూర్చుని అరచేత్తో సడకును ఒకసారి తుడిచాడు. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు.

సడకుకు అడ్డంగా నడుమెత్తు లోతు కందకం తవ్వారు. మొరం ఒక కుప్ప, కంకర ఒక కుప్ప, అడుగున పరిచిన పెద్ద రాళ్లు ఇంకో కుప్ప. ఏదీ ఇంకోదానితో కలవనివ్వలేదు. దఫ్తరు వాళ్లు వచ్చి కొలిచేందుకు కంకర పోసే తీరు ఒకటుంది. నాలుగు పక్కలా సమానమైన వాలు, పైన చదును. తాత అలాగే పోసి, పారతో తట్టి సరిచేశాడు. “ఏంది తాతా, పెండ్లి పందిట్ల గద్దె కడ్తానవా?” అని మల్లయ్య ఎకసెక్కం చేశాడు. అంతా అయ్యాక తాత సున్నం రాళ్లు నాలుగు తెచ్చి, కందకానికి ఇటు రెండు, అటు రెండు పెట్టాడు. అప్పుడు మాత్రం మల్లయ్యకు కోపం వచ్చింది.

“వాళ్లకు సైగ జేస్తానవా?”

“లారీలకంటె ముందుగాల బండ్లొస్తయి. ఎడ్ల కాళ్లిరుగుతయి.”

“లారీ అండ్ల పడాలనే గద తవ్వింది!”

“ఆపాలె అన్నవ్, ఆపిన. పడెయ్యాలె అనలేదు నువ్వు.”

పొద్దున లారీలు వచ్చాయి. ముందు లారీ సున్నం రాళ్లు చూసి ఆగింది. పోలీసులు దిగి కందకం దాటి నడిచి వచ్చేసరికి మల్లయ్య వాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు చేలల్లో పడి వెళ్లిపోయారు. ఆ కొంచెం వ్యవధి వాళ్లకు కందకమే ఇచ్చింది. మిగిలిన మగవాళ్లను, నాతో సహా, మా దుకాణం ముందు వరుసగా నిలబెట్టారు. తాత నాకు నాలుగో మనిషి.

వాళ్ల అధికారి కంకర కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంత ముద్దుగా కుప్ప పోసినవాడెవడని అడిగాడు. నన్ను విడిగా అడిగాడు. తెలియదన్నాను. చెంప మీద కొట్టాడు. తెలియదనే అన్నాను. అప్పుడతను విసుగ్గా బూటు కాలితో కుప్పను తన్నాడు. కంకర సడకు మీదికి చెదిరింది. ఒక రాయి దొర్లుకుంటూ మా వరుస దాకా వచ్చింది.

తాత వంగి ఆ రాయిని తీసుకున్నాడు. నాలుగడుగులు వేసి కుప్ప మీద పెట్టి, చేత్తో సర్దాడు.

ముప్పై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని అది. చెదిరిన రాయి కంట పడితే అతని నడుము దానంతట అదే వంగేది. సర్దాక తలెత్తి చూశాడు. అప్పటికి గాని తాను చేసిందేమిటో అతనికి అర్థం కాలేదు.

“నువ్వేనారా?” అన్నాడు అధికారి.

“కుప్ప జెదిరింది దొరా” అన్నాడు తాత.

అక్కడే కొట్టారు. తర్వాత కందకం పూడ్చమన్నారు. మూతి నుంచి నెత్తురు కారుతుండగా అతను పెద్ద రాళ్లు పేర్చడం మొదలుపెట్టాడు. ఇద్దరు తుపాకులు పట్టుకుని నిలబడి “జల్దీ, జల్దీ” అని అరుస్తున్నారు.

“జల్దీ జేస్తే కుంగుతది దొరా. జానెడుకో వరుస ఎయ్యాలె, నీళ్లు గొట్టాలె, దిమ్మిస ఎయ్యాలె” అన్నాడు. నా వైపు తిరిగి, “సేటూ, రెండు కడవల నీళ్లు” అన్నాడు. నేను మా బావి నుంచి మోశాను. రెండు కడవలు కాదు, ఇరవై దాకా మోశాను. పొద్దున మొదలుపెడితే నడినెత్తికి ఎండ వచ్చేదాకా పట్టింది. ఒక్క వరుస కూడా అతను ఎగ్గొట్టలేదు. పూడ్చడం అయ్యాకనే అతని తోలుపట్టా తెంపి బిళ్ల లాక్కున్నారు. ముందు లారీ అవతల నుంచి ఇవతలికి వచ్చింది. రెండో లారీలోకి తోస్తుంటే అతను మెడ తిప్పి చక్రాలు పోయిన చోటు చూశాడు.

“కుంగలే” అన్నాడు నాతో.

రాజ్యం మారిన తర్వాత, ఏడాది దాటాక, జైలు నుంచి తిరిగి వచ్చాడు. కుడిచేతి వేళ్లు మూడు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. మాటలు తగ్గాయి. రొమ్ము మీద బిళ్ల ఉండే చోటును అస్తమానం తడుముకునేవాడు. నన్ను వెంటబెట్టుకుని హనుమకొండలో సడకుల దఫ్తరుకు పోయాడు. గుమాస్తా హాజరు పట్టీ తీసి చూశాడు.

“పదకొండో మైలు మనిషి గైరుహాజరు అని రాసున్నది. చెప్పకుండ నౌకరి ఇడ్సిపెట్టి పోయినవ్.”

“నేను పోలే సారూ. సర్కారోళ్లే తీస్కపోయిండ్లు.”

“అది పాత సర్కారు.”

“పట్టీ గూడ పాతదే గద సారూ” అన్నాన్నేను.

గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, “నువ్వెవరు?” అన్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. దరఖాస్తు పెట్టుకుంటే జవాబు వస్తుందన్నాడు.

మల్లయ్య దగ్గరికి కూడా పోయాను. అప్పటికి అతనికి ఊరూరా దండలు వేస్తున్నారు. సడకులు తవ్వినవాళ్ల పేర్లు సన్మానాలకు రాసి పంపుతున్నారని విని, తాత పేరు చేర్చమన్నాను. “లారీ పడకుంట రాళ్లు పెట్టినోడు సేటూ ఆయన. ఏమని రాయాలె?” అన్నాడు. ఆ లారీ ఆగబట్టే నువ్వు చేలల్లోకి పోగలిగావని మొహం మీదే అన్నాను. ఆ తర్వాత మల్లయ్య మా దుకాణానికి రావడం మానేశాడు.

పాత సర్కారుకు తాత సడకు తవ్విన ద్రోహి, కొత్త సర్కారుకు పని వదిలి పోయిన నౌకరు, ఊరికి లారీని కాపాడిన మనిషి. అతను మాత్రం రోజూ పొద్దున్నే సడకు మీదికి వచ్చి రాళ్లు జరిపేవాడు. వేళ్లు పట్టు చిక్కక మోచేత్తో, మోకాలితో నెట్టేవాడు. బండివాళ్లు దిగి ఆ రాళ్లను పక్కకు విసిరేసి పోయేవారు. “బిళ్ల లేదు, ఏం లేదు, నువ్వెవడివి చెప్పనీకి?” అని ఒకడు నా ముందే అన్నాడు. వాడు పోయాక తాత రాయి తెచ్చి మళ్లీ పెట్టాడు. పద్నాలుగో మైలు దాకా పోయి, తిరిగి వస్తూ మా గడప ముందు ఆగేవాడు.

“జవాబొచ్చిందా సేటూ?”

“రాలేదు తాతా.”

“నౌకరి ఇయ్యకున్నా మంచిదే. గైరుహాజరు అన్న మాట కొట్టెయ్యమను. నేను ఒక్కనాడు గూడ నాగా పెట్టలే.”

అదొక్కటే అతను అడిగింది. నేను దరఖాస్తు మీద దరఖాస్తు రాశాను. తెలుగులో రాశాను, ఉర్దూలో రాయించాను, ఇంగ్లీషులో రాయించాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ వానాకాలం, మోరీ నోటికి చెత్త అడ్డుపడి నీళ్లు సడకు ఎక్కుతుంటే, అతను నడుము లోతు నీళ్లలో దిగి రోజంతా చెత్త లాగాడు. తర్వాత జ్వరం పట్టింది. దవాఖానకు తీసుకుపోతానంటే వద్దన్నాడు. రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అతని భార్య దుకాణానికి వచ్చి, “అన్నం ముడుతలేడు బిడ్డా, నిన్నే అడుగుతాండు” అంది.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను దుకాణం మూసి, మంచి కాగితం ఒకటి తీసి, సడకుల దఫ్తరు వాళ్లు రాసినట్టే జవాబు రాశాను. పదకొండో మైలు మనిషి గైరుహాజరు కాలేదు, పట్టీలో ఆ మాట కొట్టివేశాము అని రాశాను. తాతకు చదువు రాదు. మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివాను. భార్య ఏడ్చింది. తాత ఆ కాగితం ఇమ్మని చెయ్యి చాపాడు. వంకర వేళ్ల మధ్య పెట్టాను. కాగితం కింది భాగాన బొటనవేలితో మెల్లగా తడిమాడు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడిమాడు. మొరం నోట్లో వేసుకున్నప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు.

“మొహర్ లేదు” అన్నాడు.

సర్కారు కాగితానికి ముద్ర ఉండాలన్న సంగతి నాకు తట్టనే లేదు.

“మంచిగ రాసినవ్ సేటూ” అని కాగితం నా చేతికి తిరిగి ఇచ్చాడు. మర్నాడు పొద్దున పోయాడు.

నాకు జరిగిన అవమానాలు చాలా ఉన్నాయి, అన్నీ గుర్తున్నాయి. వాటిలో నాకు నేను చేసుకున్నది ఇదొక్కటే. జీవితమంతా రాయి సరైనదా కాదా అని చేత్తో తడిమి చెప్పిన మనిషికి నకిలీ కాగితం ఇచ్చాను.

ఇప్పుడు సడకుల దఫ్తరులో కూర్చున్న పెద్దలను అడుగుతున్నాను. మీ పాత పట్టీలు ఎక్కడో ఒక గదిలో ఉండే ఉంటాయి. తీసి చూడండి. పదకొండో మైలు మనిషి గైరుహాజరైనట్టు రాసిన మొదటి రోజు ఏదో చూడండి. దఫ్తరులో గుమాస్తా ఆ తేదీ చదువుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. అది లారీలు వచ్చిన రోజు. ఆ రోజు పొద్దున నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా, తుపాకుల ముందు, మూతి నెత్తురు తుడుచుకుంటూ, జానెడుకో వరుస వేసి, నేను మోసిన నీళ్లు కొట్టి, మీ సడకును కుంగకుండా పూడ్చిన మనిషి ఆ పూట హాజరా, గైరుహాజరా? నోటి మాట నాకొద్దు. కాగితం మీద రాసి, మొహర్ వేసి, జవాబు పంపండి.